గిటార్ల కింద అక్క గొంతు

మా బ్యాండు బతికింది ఏడాదిన్నర. అందులో సగం కాలం కరెంటు కోసం ఎదురుచూడటంలో పోయింది, మిగతా సగం పేరు కోసం కొట్లాడుకోవడంలో. చివరికి పేరు పెట్టకుండానే బ్యాండు పోయింది. ఇప్పుడు ఎవరైనా "మీరు ఏ రకం సంగీతం వాయించేవాళ్ళు?" అని అడిగితే నాకు నవ్వొస్తుంది. ఆ రకానికి ఒక పేరుందని తెలిసేసరికి మేం వాయించడం మానేసి చాలా కాలమైంది. నాంపల్లిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివాను. షూగేజ్ అంటారట. వాయించేవాళ్ళు జనం మొహం చూడకుండా తల దించుకుని బూట్లు చూసుకుంటూ ఉంటారట, అందుకని ఆ పేరు. మాకు బూట్లెక్కడివి? మేం వాయించింది చర్చి వెనకున్న సండేస్కూలు హాల్లో. అక్కడ చెప్పులు బయటే విడవాలి. మేం తల దించుకుని చూసినవన్నీ ఒట్టి కాళ్ళు.

అప్పట్లో మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. నాన్న రైల్వేలో గార్డు. ఇంట్లో కంటే బండిలోనే ఎక్కువ ఉండేవాడు. ఇల్లు నడిపింది అమ్మ, చర్చిలో ఆడవాళ్ళ క్వాయర్‌ను నడిపిందీ అమ్మే. మెదక్ దగ్గర మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. ఆమె చెయ్యెత్తితే పదిహేనుమంది ఆడవాళ్ళు ఒక్కసారి నోరు తెరిచేవాళ్ళు, చెయ్యి దించితే ఒక్కసారి మూసేవాళ్ళు. ఇంట్లో మా మీద కూడా అదే చెయ్యి.

ఆ క్వాయర్‌కు ప్రాణం మా అక్క. నాకంటే మూడేళ్ళు పెద్దది. దాని గొంతు గురించి నేను చెప్తే చెల్లెలి గొప్పలంటారు గానీ, నిజం చెప్పాలి కదా. అది పాడుతుంటే వెనక బెంచీల్లో కునుకుతున్న ముసలివాళ్ళు కళ్ళు తెరిచి కూర్చునేవాళ్ళు. పెళ్ళంటే అక్క పాడాలి, చావంటే అక్క పాడాలి. చిన్నప్పటి నుంచీ ఎన్ని సమాధుల దగ్గర నిలబడి పాడిందో దానికే గుర్తుండదు. ఎవరో ఏడుస్తుంటారు, ఇంకెవరో అక్క మొహంలోకి గుడ్లప్పగించి చూస్తుంటారు. ఇంటికొచ్చాక అది మంచం మీద పడుకుని దుప్పటి తలమీదికి లాక్కునేది.

"ఏమైందే?" అంటే, "ఏం గాలే. అందరు జూసిన్రు గద, ఇగ జర దాస్కోనియ్యి" అనేది. నాకు ఆ మాట అర్థమయ్యేది కాదు. నన్నెవరూ చూసేవాళ్ళు కాదు, అదే నా బాధ.

ఆదివారం చర్చి అయ్యాక అమ్మ ఆడవాళ్ళతో మాట్లాడుతూ ఉండిపోయేది. ఆ సందు దొరికితే చాలు, అక్కా నేనూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి పరుగు. వారమంతా షట్టర్లతో గలగలలాడే ఆ బజారు ఆదివారం దుకాణాలు మూసుకుని పుస్తకాలు పరుచుకునేది. పుస్తకాల మధ్య అక్కడక్కడ పాత క్యాసెట్ల గుట్టలు. మూత లేని, కాగితం లేని, ఎవరు పాడారో రాసిలేని ఒక నల్ల క్యాసెట్‌ను అక్క ఊరికే చేతిలోకి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఇప్పటికీ చెప్పదు.

ఇంట్లో పెడితే హోరు. టేప్ తడిసి పాడైందనుకున్నాం. దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచి మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే హోరు. మూడోసారికి తెలిసింది, అది హోరు కాదు, గిటార్లు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి. వానాకాలంలో స్టేషన్ రేకుల కప్పు కింద నిలబడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఆ హోరుకి అడుగున ఎక్కడో ఒక ఆడపిల్ల పాడుతోంది. ఒక్క ముక్క అర్థం కాదు, ఆమె ఉందని మాత్రం తెలుస్తుంది.

అమ్మ వంటింట్లోంచి అరిచింది: "ఏందే గా సప్పుడు? మిక్సీల రాళ్ళు వడ్డట్టు. జర బంద్ జెయ్యున్రి!"

అక్క కదల్లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, టేప్ రికార్డర్ ముందు నేలమీద కూర్చుని వింటోంది. "గా పిల్లను జూడు" అంది నాతో మెల్లగా. "గింత మంచిగ పాడుకుంట గూడ ఎవ్వరికి కనవడ్తలేదు. నాక్గూడ గట్ల పాడాలనుందే." ఆ క్షణాన దాని మొహంలో ఉన్న సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

అట్లా మొదలైంది. గిటార్ అబ్బాయి అబిడ్స్‌లో వాయిద్యాల షాపులో పనిచేసేవాడు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు, వాళ్ళది పొలం పనుల ఇల్లు. షాపుకొచ్చిన ప్రతి గిటారునూ తుడిచే వంకతో కాసేపు వాయించి గాని పెట్టేవాడు కాదు. అక్క ఆ నల్ల క్యాసెట్ వినిపిస్తే నోరు వెళ్ళబెట్టాడు. వారం తిరక్కముందే పాత రేడియో సామానుతో ఒక సబ్బు డబ్బాలో ఏదో బిగించి పట్టుకొచ్చాడు. దాని బొత్తాం నొక్కితే మామూలు గిటారు కాస్తా గర్జించేది. చర్చి మైకు సెట్‌కు, తిప్పితే శబ్దం మారుమోగే ఎకో గుబ్బ ఎట్లాగూ ఉంది. సబ్బు డబ్బా, ఎకో గుబ్బ, ఇవే మా యంత్రాలు.

డ్రమ్ములవాడు నాంపల్లిలో పెళ్ళి బ్యాండు వాళ్ళబ్బాయి. బరాత్‌లో సైడు డ్రమ్ము కొట్టీ కొట్టీ ఏ పాటనైనా గుర్రం మీద పెళ్ళికొడుకు ముందు నడిపించినట్టే కొట్టేవాడు. "జర మెల్లగ కొట్టు నాయనా, మనం ఎవ్వరిని మండపానికి తీస్కవోతలేం" అని నేను రోజూ పోరేదాన్ని. ఇక నేను. నాలుగు తీగల బేస్ గిటారు నాకిచ్చారు. ఎందుకంటే మిగిలింది అదొక్కటే. దాని మీద నేను ఏడాదిన్నరలో నేర్చుకున్నది ఇంతే: గిటార్ల హోరులో అందరూ ఎక్కడున్నారో మర్చిపోయినప్పుడు నేను మర్చిపోకుండా ఉండటం. నాకది నచ్చింది. నా పొగరుకు తగిన పని.

మధ్యాహ్నాలు సండేస్కూలు హాలు ఖాళీ. పాస్టరుగారు ఒప్పుకున్నారు గానీ రెండు షరతులు. చెప్పులు బయట, ఆరాధన వేళకు గప్‌చుప్. కిటికీలకు జంపఖానాలు కట్టేవాళ్ళం. వాటి చిరుగుల్లోంచి ఎండ సన్నగా లోపలికి దిగేది. అందులో సుద్దపొడి తేలుతూ ఉండేది. పిల్లల చిన్న బల్లలు, గోడ మీద గొర్రెపిల్లల బొమ్మలు, పైన తిరగలేక తిరిగే ఫ్యాను. గిటార్ అబ్బాయి కాలి బొటనవేలితో సబ్బు డబ్బా బొత్తాం నొక్కేవాడు. ఒక్కసారిగా గదిలో గాలి బరువెక్కేది. ఫ్యాను చప్పుడు, ఆంప్లిఫయర్ గుయ్యి, బయట స్టేషన్లో ఇంజను మూలుగు, అన్నీ అందులో కలిసిపోయేవి. ఏది మాదో ఏది ఊరిదో తెలిసేది కాదు. అక్క గోడ వైపు తిరిగి నిలబడి కళ్ళు మూసుకుని పాడేది. దాని జడ చివర మాత్రం కొద్దిగా ఊగేది. నాకు గంటలు తెలిసేవి కావు. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే కాళ్ళు నావి కానట్టు ఉండేది. అంత సుఖం నాకు మళ్ళీ దొరకలేదు, ఉన్నమాట చెప్తున్నా.

మేం జనం ముందు వాయించింది ఒక్కసారే. అబిడ్స్‌లో ఒక కాలేజీ వాళ్ళ వార్షికోత్సవంలో. అమ్మకు చెప్పొద్దనుకున్నాం. అమ్మకు తెలియకుండా ఉంటుందా? ఆడవాళ్ళ క్వాయర్‌ను మొత్తం వెంటేసుకొచ్చింది. తెల్ల చీరల్లో, చేతుల్లో బ్యాగులతో ముందు వరస నింపేశారు. "మా పెద్దబిడ్డ పాడుతది" అని అమ్మ అటూ ఇటూ చెప్తూ ఉంది.

మేం మొదలుపెట్టాం. గిటారు గర్జించింది. అక్క పాడుతోంది, పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం హోరు కింద ఎక్కడో. తెల్ల చీరలన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. వెనక నుంచి కుర్రాళ్ళు "పాట ఇనవడ్తలేదు!" అని కేక. అమ్మ లేచింది. తిన్నగా సౌండు పెట్టె దగ్గర కూర్చున్న మనిషి దగ్గరికి నడిచింది.

"బాబూ, మా బిడ్డ గొంతు జర పెంచు. గిటార్లు మింగుతున్నయి."

అతను పెంచాడు. అక్క గొంతు ఒక్కసారి హాలంతా పాకింది. అక్క కళ్ళు తెరిచింది. సౌండు మనిషి వైపు చూసి, అరచెయ్యి కిందికి తిప్పి తగ్గించమని సైగ చేసింది. అతను తగ్గించాడు. అమ్మ అతని పక్కనే నిలబడి అరచెయ్యి పైకెత్తి పెంచమంది. అతను పెంచాడు. అక్క చెయ్యి కిందికి. అమ్మ చెయ్యి పైకి. పాపం ఆ మనిషి ఒకసారి స్టేజీ వైపు, ఒకసారి అమ్మ వైపు తల తిప్పీ తిప్పీ మెడ పట్టేసుకుని ఉంటుంది. పాట సగంలో ఉంది, తల్లీ కూతుళ్ళు జనం నెత్తి మీదుగా చేతులతో కొట్లాడుకుంటున్నారు. నాకు ఒక పక్క సిగ్గు, ఇంకో పక్క నవ్వు. డ్రమ్ములవాడు కంగారులో బరాత్ దెబ్బ అందుకున్నాడు. కుర్రాళ్ళు లేచి తీన్‌మార్ ఆడారు. మా సంగీత జీవితంలో జనం సంబరపడింది ఆ ఒక్క నిమిషమే.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "దేవుడు గొంతిచ్చింది దాస్కోనికేనా?"

"అందరికి ఇనిపియ్యనీకేనా?" అంది అక్క.

"నీ గొంతు నీ ఒక్కదానిదే అనుకుంటున్నవా?"

"మరి ఎవరిదమ్మా?"

అమ్మ పప్పు గిన్నె మూత గట్టిగా పెట్టింది. ఇద్దరూ మొండిఘటాలే. ఎవరిని ఓదార్చాలో తెలియక నేను పెరుగు ఎక్కువ కలుపుకుని తిన్నాను.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు అక్క చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే అమ్మ చూసింది. గొంతు దగ్గర ఏదో ఉబ్బి, గుటక వేసినప్పుడల్లా పైకీ కిందికీ కదులుతోంది. దవాఖానకు తీసుకెళ్ళారు. థైరాయిడ్ గడ్డ అన్నారు. ప్రాణానికేం ఫరవాలేదు, కాని పెరుగుతోంది, తీసెయ్యాలి. పెద్ద డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. గొంతు పలికించే నరం ఆ గడ్డకు అంటుకునే ఉంటుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కొక్కరికి ఆ నరం దెబ్బతింటుంది. ఎక్కువమందికి ఏమీ కాదు. ముందే చెప్పడం నా బాధ్యత, అంది.

అమ్మకు "ఎక్కువమందికి ఏమీ కాదు" అన్నది వినపడలేదు. అక్కకు అదొక్కటే వినపడింది. ఆటోలో ఇంటికొస్తుంటే అమ్మ అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆటో పబ్లిక్ గార్డెన్స్ గోడ పక్కకు వచ్చింది.

"ఆపరేషన్‌కు ముందుగాల ఒక్క పాట రికార్డు జెయ్యి బిడ్డా" అంది అమ్మ. "నాకోసం. మా అవ్వ పాట."

మా అవ్వ పాట అంటే అమ్మమ్మ కట్టిన జోలపాట. ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మమ్మ పొలంలో పని చేసుకుంటూ, చెట్టుకొమ్మకు కట్టిన జోలెలో అమ్మను ఊపుతూ కట్టుకుందట. అమ్మ మాకు పాడింది. అక్క నోట అది వేరుగా ఉండేది.

కన్ను మూయవే కూన, కాపరి కావలున్నడు
చుక్క మీద చుక్క వెట్టి దుప్పటి కుడుతున్నడు

"రికార్డు జేస్త" అంది అక్క. "గని మా బ్యాండుతోనే జేస్త."

అమ్మ కాసేపు బయటికి చూసి, "ఎట్లన్న జెయ్యి. జేస్తే సాలు" అంది. కూతురు గొంతు టేప్ మీదికి ఎక్కితే అదే పదివేలు అనుకుంది. మా పని ఎట్లా ఉంటుందో ఆమెకేం తెలుసు?

చర్చిలో ఒకాయన దుబాయి నుంచి నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ తెచ్చాడు. క్రిస్మస్ పాటలు దాని మీదే రికార్డు చేసేవాళ్ళు. అది అడిగి తెచ్చుకున్నాం. అందులో ఒకే టేప్ మీద నాలుగు వరసలు వేరువేరుగా రికార్డు చేయవచ్చు. నాలుగు చాలవనుకుంటే, మూడింటిని కలిపి నాలుగోదాని మీదికి దింపాలి. అప్పుడు ఆ మూడూ మళ్ళీ ఖాళీ, వాటి మీద కొత్తవి వాయించుకోవచ్చు. ఒక్కటే చిక్కు. కలిపినవి మళ్ళీ విడిపోవు, చాయ్‌లో కరిగిన చక్కెరలాగే. కొత్తవి వాయిస్తే, ఆ ఖాళీ వరసల మీద ముందున్నవి చెరిగిపోతాయి.

మా సంగీతానికి నాలుగు ఎక్కడ సరిపోతాయి? మాకు గిటార్ల మీద గిటార్లు కావాలి. మొదటి వరస మీద డ్రమ్ములూ నేనూ. రెండోదాని మీద ఒక గిటారు. మూడోదాని మీద అక్క పాడింది. ఆ రోజు ఎందుకో గోడ వైపు తిరగలేదు. చిన్న బల్ల మీద కూర్చుని, కాళ్ళు నేలకానించి, తన కాలి వేళ్ళను చూసుకుంటూ పాడింది. హోరు లేదు కదా, చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో గిటారు దానికి మాత్రమే వినిపిస్తోంది. మాకు వినిపించింది ఒట్టి గొంతు. గిటార్ అబ్బాయి తల వంచుకుని ముక్కు తుడుచుకున్నాడు. డ్రమ్ములవాడు పుల్లలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

పాట అయ్యాక గిటార్ అబ్బాయే అన్నాడు: "అక్కా, గొంతు గిట్లనే ఉంచుదాం. గిది ఉట్టిగనే సాలు."

"గట్లయితే మన పాటెట్ల అయితది?" అంది అక్క. "నేను కిందనే ఉండాలె. అన్నీ కలిపి నాలుగోదాని మీద దించు. మీద ఇంకో మూడు గిటార్లు వెయ్యి."

"మరి ఆపరేషన్..."

"ఆపరేషన్ అయినంక మల్ల పాడుత గద! అమ్మకు ఇంకొకటి ఉట్టి గొంతుతోని పాడిస్త. ఫికర్ జెయ్యకు." నవ్వింది. అది అంత నమ్మకంగా నవ్వితే ఎవరు కాదంటారు? మెషీన్ మర్నాడు తిరిగి ఇచ్చెయ్యాలి. ఉన్నది ఒక్కటే మంచి టేప్, అదీ చర్చిదే, మెషీన్‌తో పాటు పోయి క్రిస్మస్ పాటల కింద చెరిగిపోయేదే. కలిపి దించాడు. అక్క గొంతున్న వరస మీద కొత్త గిటారు వాయించాడు, ఇంకోదాని మీద ఇంకోటి, మిగిలినదాని మీద మరోటి. సాయంత్రానికి అంతా అయ్యాక, నాలుగు వరసలనూ కలిపి మామూలు క్యాసెట్ ఒకదాని మీదికి దింపుకుని, దీపం వెయ్యకుండా నలుగురం నేలమీద వెల్లకిలా పడుకుని విన్నాం. అంత అందమైనది మా చేతుల్లోంచి వచ్చిందంటే మాకే నమ్మకం కలగలేదు. గిటార్లు గదిని ఎత్తుకుని ఎటో తీసుకెళ్తున్నాయి. అడుగున అక్క ఉంది. మాకు తెలుసు ఉందని. మేం విన్నాం కాబట్టి తెలుసు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డలో చెడ్డది ఏమీ లేదన్నారు. మేం దేవునికి దండం పెట్టుకున్నాం. గొంతు మాత్రం రాలేదు. మొదట వాపు అన్నారు, తర్వాత కాలం పడుతుంది అన్నారు. కొన్ని నెలలకు గాలి కలిసిన ఒక బొంగురు మాట వచ్చింది, అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ తప్పేమీ లేదు. ముందే చెప్పింది కదా. పాడబోతే ఊపిరి జారిపోయేది, అక్క నోరు మూసేసుకునేది. మళ్ళీ దుప్పటి తల మీదికి లాక్కోవడం చూస్తానేమోనని భయపడ్డాను. లాక్కోలేదు. కోర్టు దగ్గర టైపింగు పనికి చేరింది. మాట్లాడక్కర్లేని పని.

బ్యాండు దానంతటదే ఆగిపోయింది. ఎవరూ ఎవరితోనూ కొట్లాడలేదు. డ్రమ్ములవాడు పెళ్ళిళ్ళ సీజన్‌లోకి వెళ్ళిపోయాడు. గిటార్ అబ్బాయి షాపులో గిటార్లు తుడిచేవాడు, వాయించేవాడు కాదు.

అమ్మ ఆ టేప్‌ను మొదటిసారి పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. అక్క పనికి వెళ్ళింది. అమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పెద్ద పని మొదలుపెట్టినట్టు బొత్తాం నొక్కింది. హోరు. చెవి స్పీకరు జాలీకి ఆనించింది. పాట అయిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది.

"నా బిడ్డ ఏదే?" అంది నాతో.

"ఉందమ్మా. కింద ఉంది."

"కిందనంటే ఎక్కడ? గొంతు జర పెంచు."

"పెంచనీకి రాదమ్మా. అన్నీ కలిసిపోయినయి."

ఆమె నన్ను చూసిన చూపు చెప్పలేను. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. లేచి వెళ్ళి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. విషయం తెలిసి గిటార్ అబ్బాయి వచ్చాడు. షాపులోంచి ఏవో పెట్టెలు తెచ్చి, సన్న శబ్దాలు తగ్గించి, బొంగురు శబ్దాలు తగ్గించి, ఏమేమో చేశాడు. గొంతు పైకి రాలేదు. మా నేలమీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ అతని ముందు చాయ్ పెట్టింది. "తాగు నాయనా, సల్లారిపోతది" అంది. అతని మీద కోపం లేదు. అక్కతో మాత్రం ఆ టేప్ గురించి ఒక్క మాట ఎత్తలేదు. అక్కా ఎత్తలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచాల దగ్గర, ఆ ఒక్క విషయం చుట్టూ ఇద్దరూ తిరిగి నడిచేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఇద్దరినీ చెరో చెంపా వాయించాలనిపించేది. కాని నాకు ఇద్దరి మీదా జాలే.

అమ్మ టేప్ పెట్టడం మానలేదు. రోజూ సాయంత్రం, అక్క కోర్టు నుంచి రాకముందు. తర్వాత్తర్వాత అక్క ఉన్నా పెట్టేది. ఏళ్ళు గడిచాయి. చుట్టూ జనం సీడీలకు మారారు, ఫోన్లలోకి మారారు. మా ఇంట్లో మాత్రం అదే టేప్ రికార్డర్. మిక్సీలో రాళ్ళు అన్న మనిషి, కూరగాయలు తరుగుతూ ఆ గిటార్ల వెంట నోరు మూసి హమ్ చేసేది. ఏ గిటారు ఎక్కడ ఎక్కుతుందో, ఏది ఎక్కడ దిగుతుందో వాయించినవాడి కంటే ఆమెకే బాగా తెలుసు.

ఒకరోజు నన్ను పిలిచింది. "గీడ కూసో. ఇను. రెండో చరణం ముంగట గిటార్లు జర సన్నవడ్తయి జూడు. గాడ. దొరికిందా? ఊపిరి పీల్చుకుంటది."

నేను విన్నాను. అన్నేళ్ళలో నాకు వినపడనిది. హోరులో వెంట్రుకవాసి సందు, ఆ సందులో ఒక ఊపిరి. పాట కాదు, మాట కాదు. పాడబోయే మనిషి లోపలికి తీసుకునే గాలి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గింతనన్న దొరికింది" అంది అమ్మ, కత్తిపీటను దగ్గరికి జరుపుకుంటూ.

తర్వాత ఒక ఎండాకాలం సాయంత్రం. ఆ ఏడు కరెంటు కోతలు ఎక్కువ. అక్క అప్పుడే కోర్టు నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటోంది. అమ్మ ముందుగదిలో మంచం మీద, నేను గడప దగ్గర. టేప్ నడుస్తోంది. మొదటి చరణం ముగుస్తుండగా కరెంటు పోయింది. గిటార్లు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయాయి. ఫ్యాను కూడా ఆగింది. స్టేషన్లో ఎవరో దేనికో పిలుస్తున్నారు.

మామూలుగా అయితే అమ్మ కరెంటువాళ్ళ వంశాన్నంతా పలకరించేది. ఆ రోజు పలకరించలేదు. టేప్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నోరు మూసి అందుకుంది. గిటార్లన్నీ ఆమె హమ్మింగులో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కళ్ళు మూసుకుంది. రెండో చరణం ముందు, గిటార్లు సన్నబడేచోట, ఆమె కూడా సన్నబడింది.

ఆ సందులో ఊపిరి వినపడింది.

నేను తల తిప్పాను. అక్క వంటింటి గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తన పాదాలనే చూస్తోంది. బొంగురు, గాలి, అక్కడక్కడ తెగిపోతున్న ఒక గరగర, అయినా పాట అదే. చుక్క మీద చుక్క వెట్టి. అమ్మ హమ్మింగు కింద, ఎక్కడో అడుగున.

అమ్మ కళ్ళు తెరవలేదు, వెనక్కి తిరగలేదు. ఒళ్ళో ఉన్న చెయ్యి మాత్రం మెల్లగా లేచింది. అరచెయ్యి పైకి. అప్పుడు కాలేజీలో సౌండు పెట్టె దగ్గర ఎత్తినట్టే. పెంచు.

నేను అక్క చెయ్యి వైపు చూశాను. అది కిందికి తిరుగుతుందని నాకు తెలుసు. దాన్ని నాకంటే ఎవరెరుగుదురు? తువ్వాలు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. అక్క తల పైకెత్తింది. గొంతు పెంచింది. పైకి పోయి పగిలింది, పగిలినా ఆపలేదు. అమ్మ తన హమ్మింగు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ పూర్తిగా ఆపేసింది. గదిలో ఒట్టి గొంతు మిగిలింది.

అంతలో కరెంటు వచ్చింది. బొత్తాం నొక్కే ఉంది కదా, టేప్ ఆగినచోటి నుంచి మళ్ళీ గర్జించింది. అక్క గొంతు అందులో మునిగిపోయింది. అక్క నోరు మూసుకోబోయింది.

అమ్మ లేచి వెళ్ళి టేప్ బంద్ చేసింది. మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఊ, పాడు బిడ్డా" అంది.